స్కోప్‌కు నలభై దెబ్బలు

పెళ్లయి అమెరికా బయల్దేరేటప్పుడు మా అమ్మ నా పెట్టెలో రాతి పచ్చడిబండ ఒకటి పెట్టింది. రోలు కూడా పెడదామనుకుంది గానీ బరువు ఎక్కువవుతుందని నాన్న తీయించేశాడు. రోలు లేని బండ దేనికి పనికొస్తుంది? టెక్సస్‌లో మా అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లపాటు అది బాత్రూమ్ తలుపు మూసుకుపోకుండా అడ్డం ఉండేది. నాలుగో ఏడు దాన్ని సంచిలో వేసుకుని పనికి తీసుకెళ్లాను. తాడు కట్టి వేలాడదీసి, రైఫిల్ స్కోపుల్ని కొట్టడానికి.

ఆ సంగతి ఉత్తరంలో రాస్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అమ్మ మాత్రం, "మళ్లీ వంటకి వాడేటప్పుడు శుభ్రంగా కడుగు" అని జవాబు రాసింది.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. వాళ్లు పడుకున్నాక, గిన్నెలు కడగడం అయ్యాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. పగలంతా ఏదో ఒకటి తప్పు చేశానేమోనన్న బెంగ నన్ను వదలదు. పొయ్యి కట్టేశానా, పిల్లాడికి మందు రెండుసార్లు పోశానా, కారు తలుపు సరిగ్గా వేశానా అని. ఆ బెంగ ఆ స్కోపుల దగ్గరే మొదలైందని ఒక్కోసారి అనిపిస్తుంది. ముందునుంచీ ఉన్నదేనేమో. అక్కడ దానికో కారణం దొరికింది, అంతే.

మావారు ప్లేనోలో ఇంజినీరు. నేను విశాఖపట్నంలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేశాను. పాపకి రెండేళ్లు నిండాక నాకు దొరికిన ఉద్యోగం ఇది: జపాన్ నుంచి స్కోపులు తెప్పించుకుని, వాటికి తమ పేరు అతికించి అమ్మే ఒక చిన్న కంపెనీ. రైఫిల్ స్కోప్ అంటే తుపాకీ మీద బిగించే సన్నటి దుర్భిణి. అందులోంచి చూస్తే ప్లస్ గుర్తులా రెండు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు కలిసే చోట ఏది ఉంటే తూటా అక్కడ తగలాలి. గోడౌన్ వెనకగదిలో ఒక ముసలాయనా నేనూ కూర్చుని, వచ్చిన పెట్టెల్లోంచి కొన్ని తీసి పరీక్షించేవాళ్లం. ఆయన నలభై ఏళ్లు తుపాకులు బాగుచేసినవాడు. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు, ప్రొఫెసర్ అనేవాడు. మొదట్లో వెక్కిరింపే. తర్వాత అలవాటైపోయింది.

మా పరీక్ష చాలా మామూలుది. కాలేజీ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్‌కి ఉండేలాంటి కొలిమేటర్ గొట్టం ఒకటి గోడకి బిగించి ఉండేది. దాని లోపల గళ్ల కాగితంలా గీతలు. స్కోపుని దాని ఎదురుగా బిగించి కన్ను పెడితే, ప్లస్ గుర్తు ఏ గడి మీద ఉందో కనిపిస్తుంది. రాసుకుంటాం. తర్వాత స్కోపుని కొడతాం. మళ్లీ చూస్తాం. గుర్తు అదే గడి మీద ఉంటే స్కోప్ ఆగినట్టు, జరిగితే పోయినట్టు. గోరువెచ్చని నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడటం, చెవి దగ్గర పెట్టి ఊపి లోపల ఏదైనా కదులుతోందేమో వినడం కూడా ఉండేవి. కానీ అసలు పరీక్ష దెబ్బే. రైఫిల్ పేలినప్పుడు భుజాన్ని తన్నుతుంది. ఆ తన్ను స్కోపుకీ తగులుతుంది. పెద్ద జంతువుల్ని కొట్టడానికి మాగ్నమ్ అని బలమైన తూటాలుంటాయి. వాటి తన్నుకి చాలా చవక స్కోపులు లోపల చెదిరిపోతాయి. బయటికి మాత్రం నిక్షేపంలా ఉంటాయి.

నేను రాకముందు ముసలాయన రబ్బరు సుత్తితో చేత్తోనే కొట్టేవాడు. నేను చేరేసరికి ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెల్లగా పడేది. అందుకని నేనొక పీట తయారు చేశాను. చెక్కపీట, దాని కింద బీరువా సొరుగులకి ఉండే ఇనప పట్టాలు. పీట మీద స్కోప్ బిగిస్తాం. పీట వెనక పచ్చడిబండ వేలాడుతుంది. ప్రతిసారీ ఒకే ఎత్తుకి లాగి వదిలితే ప్రతిసారీ ఒకే దెబ్బ. రాయి చెక్కని చీల్చకుండా పాత టైరు ముక్క ఒకటి అడ్డం. కొలిమేటర్ ఎదుటి గోడ మీద ఉండటంతో పీటకి ముందువైపు చోటు లేదు. అందుకని బండని మేం నిలబడే వైపు, అంటే కన్ను పెట్టి చూసే చివర వైపు వేలాడదీశాను. అటే ఎందుకని నన్నెవరూ అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు.

"దీంతో మీ ఊళ్లో ఏం చేస్తారు?" అన్నాడు ముసలాయన బండని తిప్పి చూస్తూ.

"చట్నీ."

"మగాళ్లు ఎదురుచెప్పరనుకుంటా మీ ఇళ్లలో."

ఒక్కో స్కోపుకి నలభై దెబ్బలు. ఆ లెక్క ఆయనదే. తూటాల డబ్బాలో ఇరవై ఉంటాయి. వేటకి వెళ్లేవాడు ఏడాదికి రెండు డబ్బాల కంటే ఎక్కువ కాల్చడట.

ఆ ఏడాది ఎండలు తగ్గుతుండగా మా యజమాని ఒక కొత్త స్కోప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. "మన దగ్గర ఇంతకంటే చవకది లేదు. చిన్న రైఫిళ్లకి ఎలాగూ సరిపోతుంది. పెద్దవాటి తన్నుకి ఆగుతుందా అన్నది నువ్వు చెప్పు. ఆగుతుందంటే పెట్టె మీద మాగ్నమ్ అని అచ్చు వేయిస్తాను. ఆగదంటే వేయించను."

ఆరు స్కోపులు తీసి కొట్టాను. మూడు రోజులు పట్టింది. ఆ వారం పాపకి చెవిపోటు, జ్వరం. ఇంట్లో నిద్ర లేదు. ఒక దెబ్బ, ఒక చూపు, ఒక గీత. దెబ్బలు లెక్కపెడుతూ మధ్యలో పాప టెంపరేచర్ గుర్తొచ్చి అంకె మర్చిపోతే, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆరుకి ఆరూ ఆగాయి. గుర్తు పావు గడి కూడా జరగలేదు. చవక సరుకు ఇంత బాగుండటం వింతగానే అనిపించింది గానీ కళ్ల ముందు కనిపిస్తుంటే ఏం అంటాను? "భారీ తన్నుకి పనికొస్తుంది" అని స్లిప్పు మీద రాసి సంతకం పెట్టాను.

ప్యాకింగ్ గదిలో ఒకావిడ పనిచేసేది. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను హనీ అని పిలిచేది. అందర్నీ అలాగే పిలిచేది. మా పాపని పగలు చూసుకునేది వాళ్లమ్మే, వాళ్లింట్లోనే. అంతకుముందు డేకేర్‌లో పాప రోజూ గుక్కపట్టి ఏడ్చేది, తిండి ముట్టేది కాదు. ఈ ఇంట్లో చేరిన వారానికే సాయంత్రం నేను వెళితే రానని మొదలుపెట్టింది. ఆ ఇంట్లో తుపాకులున్నాయని తెలిసిన రోజున మాత్రం, మొహమాటం వదిలేసి తుపాకులు పెట్టే బీరువా చూపించమన్నాను. ప్యాకింగ్ ఆవిడ ఏమీ అనుకోకుండా తాళం లాగి చూపించి, తాళంచెవి తన మెడలో గొలుసుకి ఉందని తీసి చూపించింది. "నేనూ ముగ్గుర్ని పెంచాను, హనీ" అంది.

స్లిప్పు రాసిన మర్నాడు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది.

"ఆ కొత్త స్కోప్ నువ్వు బాగుందని సంతకం పెట్టావట."

"పెట్టాను."

"మా ఆయనకి ఈసారి లాటరీలో పేరు వచ్చింది. కొలరాడో కొండల్లో ఎల్క్‌ని వేటాడే పర్మిట్." ఎల్క్ అంటే గుర్రమంత జింక. "ఏడేళ్లుగా అప్లై చేస్తున్నాడు. రైఫిల్ వాళ్ల నాన్నది, మాగ్నమ్. పాత స్కోప్‌లోకి తేమ చేరింది. ఖరీదైనది కొనలేం. ఇది ఆగుతుందా? నాకు నిజం చెప్పు."

"ఆగుతుంది. నలభై దెబ్బలు కొట్టాను."

"అయితే నీ మాట మీద తీసుకుంటున్నా."

ఆ సాయంత్రమే ఒకటి తీసుకెళ్లింది. ఆ శని, ఆదివారాలు ఆయన ఒక డబ్బా తూటాలు కాల్చి గురి సరిచేసుకున్నాడట. చాలా బాగుందట. నాకు సంతోషం వేసింది. ఈ దేశంలో నా మాట మీద ఒకరు ఒక వస్తువు కొనడం అదే మొదటిసారి.

తర్వాతి వారం ముసలాయన అడిగాడు. "ఇన్ని కొట్టావు గదా ప్రొఫెసర్, ఒక్కటైనా కాల్చావా ఎప్పుడైనా?"

"మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదండీ."

"నిన్ను జింకని కాల్చమనట్లేదు. కాగితాన్ని కాల్చు. కాగితం శాకాహారమే."

ఇంటికొచ్చి మావారికి చెబితే పేపర్ దించి చూశారు. "తుపాకీ కాలుస్తావా? రేపు మీ నాన్నగారు ఏమిటిదంతా అని రాస్తే నేనేం చెప్పాలోయ్?"

"ఫిజిక్స్ ప్రాక్టికల్స్ అని చెప్పండి."

శనివారం పొద్దున ఆయనే డ్రైవ్ చేశారు. అప్పట్లో ఫ్రిస్కో ఊరు దాటితే అన్నీ పొలాలే. ఒక పొలం చివర మట్టిదిబ్బ, దాని ముందు చెక్కలకి గుచ్చిన కాగితాలు. మావారు కారు దూరంగా ఆపి, అద్దాలెత్తి, పాప చెవుల్లో దూది పెట్టి కూర్చున్నారు. ముసలాయన తన పెద్ద రైఫిల్‌కి మా చవక స్కోప్ బిగించి తెచ్చాడు. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు తన కనుబొమ్మ చూపించాడు. నెలవంకలా తెల్లటి మచ్చ.

"కుర్రతనంలో చవక స్కోప్ ఇచ్చిన బహుమానం ఇది. దాంట్లో బొమ్మ కనపడాలంటే కన్ను మరీ దగ్గరగా పెట్టాల్సి వచ్చేది. పేలగానే వచ్చి కొట్టింది. నీ కన్ను కనీసం మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. ఇంకా దగ్గరికి పోతే తప్ప కనపడని స్కోప్ అయితే, పెద్ద రైఫిల్‌కి పనికిరాదని అక్కడే తేల్చేసుకోవచ్చు. ఇది ఆ విషయంలో నయమే."

గట్టిగా భుజానికి ఆనించుకోమన్నాడు. ఊపిరి సగం వదిలి ఆపమన్నాడు. మెల్లగా నొక్కాను.

చప్పుడు సంగతి నాకు గుర్తులేదు. రైఫిల్ నా మీదకి రావడం గుర్తుంది. భుజం వెనక్కి పోయి, కుర్చీ కదిలి, దవడ దాకా నొప్పి. స్కోప్ నా కంటి వైపు దూసుకొచ్చి ఆగింది. కారులోంచి పాప ఏడుపు సన్నగా వినిపించింది.

"బతికే ఉన్నావా ప్రొఫెసర్?"

"ఇది వెనక్కి వస్తోంది" అన్నాను.

"నలభై ఏళ్లుగా వెనక్కే వస్తోంది."

"మనం ముందుకి కొడుతున్నాం."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. చేత్తో గాల్లో చూపించాను. మా పీట మీద బండ, కన్ను పెట్టే వైపు నుంచి తగిలి స్కోపుని ముందుకి నెడుతుంది. నిజమైన రైఫిల్ స్కోపుని మన వైపుకి లాగుతుంది. మూడు రోజులు నేను కొట్టినవన్నీ ఏ రైఫిలూ కొట్టని దెబ్బలు. చర్యా ప్రతిచర్యా గురించి పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. తూటా ముందుకి పోతుంది గనక దెబ్బ కూడా ముందుకే అని ఒళ్లు అనుకుంది. బుర్ర దాన్ని ప్రశ్నించలేదు.

ముసలాయన టోపీ తీసి పక్కన పెట్టాడు. "నేను సుత్తితో కొట్టినప్పుడు ముందు వైపు నుంచే కొట్టేవాణ్ణి. నువ్వు అటు మార్చేసరికి చూశాను. చూసి కూడా, చదువుకున్న పిల్ల, దీనికేదో లెక్క ఉండి ఉంటుందనుకున్నాను."

ఆయన తెలిసినవాడు గనక చూస్తున్నాడులెమ్మని నేను. నేను చదువుకున్నదాన్నని ఆయన. ఇద్దరం ఒకే గదిలో.

సోమవారం పొద్దున్నే కొలిమేటర్‌ని గోడ నుంచి విప్పి, మధ్యలోకి జరిపి, బండని ముందువైపుకి మార్చాం. నా కుడి భుజం నల్లగా కమిలిపోయి ఉంది. చెయ్యెత్తితే నొప్పి. అవే ఆరు స్కోపుల్ని మళ్లీ కొట్టాను. మొదటిది నలభైకి ఆగింది. రెండోది పదకొండో దెబ్బకి ఒకటిన్నర గడి జరిగింది. చెవి దగ్గర ఊపితే లోపల టిక్‌మంది. మూడు, నాలుగు ఆగాయి. అయిదోది ముప్పైనాలుగో దెబ్బకి పోయింది. ఆరోది ఆగింది.

పోయిన రెండింటినీ ముసలాయన విప్పాడు. ముందు అద్దాన్ని పట్టి ఉంచడానికి ఒక సన్నటి మరల రింగు ఉంటుంది. స్కోప్ ఒక్కసారిగా వెనక్కి లాగబడితే, బరువైన ఆ అద్దం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. దాని బరువంతా ఆ రింగు మీద పడుతుంది. ముందుకి కొడితే అద్దం గొట్టం లోపలి గట్టుకే ఆనుకుంటుంది, రింగుకి ఏమీ తెలియదు. బాగున్నవాటి రింగు మరల్లో జిగురు ఉంది. ఈ రెండింటిలో లేదు. ఫ్యాక్టరీలో ఎవరో కొన్నిటికి పూసి, కొన్నిటికి వదిలేశారు. ఎవరికి చెవిపోటు పిల్ల ఉందో, ఎవరికి నిద్ర లేదో.

యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాను. పాత స్లిప్పు తీసి చూశాడు. "ఈ సంతకం నీదే గదా?"

"నాదే."

"ఇంకా అచ్చుకి పంపలేదు. నీ అదృష్టం, నాది కూడా. ఇంకో స్లిప్పు రాయి. చిన్న రైఫిళ్లకి అమ్ముకుందాం." ఆ తర్వాత అడిగాడు. "బయటికి ఎన్ని వెళ్లాయి?"

"ఒక్కటి."

ఆ ఒక్కటీ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ప్యాకింగ్ ఆవిడ ఆరోజు సెలవు. వాళ్లాయన ఆ సాయంత్రమే కొలరాడో బయల్దేరుతున్నాడు.

అయిదింటికి పాపని తీసుకురావడానికి వెళ్లాను. పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలూ చెప్పకుండా ఉండటానికి కారణాలు వెతుక్కున్నాను. ఆరింటిలో నాలుగు బాగున్నాయి. ఆయనది బాగున్నదే అయివుండొచ్చు. ఏడేళ్ల తర్వాత వచ్చిన అవకాశం, బయల్దేరే వేళ పాడుచేయడం ఎందుకు? చెబితే ఆవిడకి నా మీద నమ్మకం పోతుంది. రేపట్నుంచి పాప ఎక్కడుంటుంది? ఆ చివరిదే అసలు కారణమని నాకు తెలుసు. స్టాప్ సైన్ దగ్గర వెనక కారువాడు హారన్ కొట్టేదాకా కదలలేదు.

వాళ్ల ఇంటి ముందు పికప్ ట్రక్కులో సామాను ఎక్కిస్తున్నారు. పాప మెట్ల మీద కూర్చుని బిస్కట్ తింటోంది. రైఫిల్ గుడ్డ సంచిలో ట్రక్కు తలుపుకి ఆనించి ఉంది. నేను దిగీదిగగానే చెప్పేశాను, ఆగితే చెప్పలేనని.

ఆయన మాటలు తక్కువ మనిషి. చేతిలో తాడు అలాగే పట్టుకుని విన్నాడు.

"ఆరింటిలో రెండు పోయాయి."

"అవును."

"నాలుగు బాగున్నాయి."

"అవును."

"నాది ఏ రకమో తెలీదు."

"తెలీదు. ఒకటి పదకొండో దెబ్బకి పోయింది. ఇంకోటి ముప్పైనాలుగుకి."

"నేను ఇరవై కాల్చాను" అన్నాడు.

ఆవిడ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. "నలభై దెబ్బలు కొట్టానని చెప్పావు గదా, హనీ."

"కొట్టాను. తప్పు వైపు నుంచి కొట్టాను."

"తప్పు వైపా?"

 రేపు పరీక్షించి చెబుతానందామంటే రేపటికి ఆయన కొండల్లో ఉంటాడు. గోడౌన్ తాళం వేసేశారు, తాళాలు యజమాని దగ్గరున్నాయి.  పాప వచ్చి నా కాలు పట్టుకుంది.

ఆయన రైఫిల్ సంచి విప్పాడు. స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, ట్రక్కు వెనక చెక్క మీద పెట్టి స్కోప్ విప్పడం మొదలుపెట్టాడు. ఒక మర బిగుసుకుపోయి స్క్రూడ్రైవర్ జారింది. గొట్టం మీద పొడుగ్గా తెల్లగీత పడింది. "దెబ్బ తప్పితే పరవాలేదు" అన్నాడు, నాతో కాదు, పనితో అన్నట్టు. "సగం తగిలి, అది పొదల్లోకి పోయి ఎక్కడో రెండు రోజులు కొట్టుకుని చస్తే, అది నాకు వద్దు. మా నాన్న స్కోప్ లేకుండా, గొట్టం మీదుండే ఇనప గురితోనే కొట్టేవాడు." స్కోప్ నా చేతిలో పెట్టాడు. "ఇది నువ్వే ఉంచు."

నేను వాళ్ల నమ్మకం గురించి ఆలోచించాను, మా పాప గురించి ఆలోచించాను. ఆ జంతువు గురించి మాత్రం ఆ క్షణం దాకా నాకు ఒక్క ఆలోచన రాలేదు. గుడ్డు కూడా తినని ఇల్లు మాది.

ఆవిడ పాప సంచి తెచ్చి ఇచ్చింది. "రేపు ఎనిమిదికే తీసుకురా" అంది. హనీ అనలేదు.

ఆ వారమంతా అవసరమైన మాటలే. పాప ఏం తింది, ఎంతసేపు పడుకుంది. నేను స్కోప్‌ని నా సొరుగులో పెట్టి ముట్టుకోలేదు. దాని సంగతి తెలుసుకోవాలని లేదు. శుక్రవారం ఆయన తిరిగొచ్చాడు, ఉత్త చేతులతో. సోమవారం ఆవిడ పెట్టెలకి టేపు అంటిస్తూ చెప్పింది.

"కనిపించిందట. లోయకి అవతల గడ్డి మేస్తూ. ఇనప గురికి అంత దూరం అందదట. బైనాక్యులర్స్‌లో చూస్తూ కూర్చున్నాడట, అది చెట్లలోకి పోయేదాకా. ఆ తర్వాత మళ్లీ కనపడలేదు." ఇంకో పెట్టె తీసుకుంది. "మాంసం కోసమని ఫ్రీజర్ అంతా ఖాళీ చేసి పెట్టాను."

నేను వెనకగదికి వచ్చి సొరుగు తీశాను. ముసలాయన లేడు, టపా తేవడానికి వెళ్లాడు. ఆ స్కోప్‌ని పీట మీద సరైన వైపు బిగించి కొట్టడం మొదలుపెట్టాను. పది. ఇరవై. గుర్తు అక్కడే ఉంది. ఆయన కాల్చిన ఇరవై కూడా కలిపితే ఈపాటికి నలభై. ముప్పైనాలుగు. ముప్పైఅయిదు. నలభై. అదే గడి మీద, కదలకుండా.

ఆపాలి. ఆపలేదు. నలభైఒకటి. నేనేం చేస్తున్నానో నాకు తెలుసు. అది ఎలా ఉందో చూడటానికి కొట్టట్లేదు. అది పోవాలని కొడుతున్నాను. ఒక్క గడి జరిగితే చాలు, నేను చెప్పింది నిజమవుతుంది. అరవై. డెబ్బై. బండ అంచున చిన్న పెచ్చు ఊడి నేల మీద పడింది. ఎనభై. కమిలిన భుజం మళ్లీ పీకడం మొదలైంది.

"ప్రొఫెసర్" అన్నాడు ముసలాయన తలుపు దగ్గర, టపా కట్ట పట్టుకుని. "అదేం తప్పు చేసింది పాపం?"

తొంభై దగ్గర ఆపాను. ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ చప్పుడు లేదు.

ప్యాకింగ్ గదికి వెళ్లి ఆవిడకి చెప్పాను. "ఆగింది."

"ఎన్ని?"

"తొంభై. సరైన వైపు నుంచి."

ఆవిడ చేతిలో పెట్టెకి టేపు అంటించడం పూర్తి చేసింది. ఇంకోదానికి అంటించింది. "ఆయనకి చెప్పకు."

"చెప్పొద్దా?"

"ఆయన వచ్చినప్పట్నుంచీ ఆ స్కోప్‌ని తిట్టుకుంటున్నాడు. తిట్టుకుని పడుకుంటున్నాడు. అది బాగుందని చెబితే నిన్ను తిట్టాలి. నువ్వేమో రోజూ అయిదింటికి మా ఇంటికి వస్తావు." కత్తెర కింద పెట్టింది. "నాకు చెప్పావు. అది చాలు."

చాల్లేదు. రోజూ అయిదింటికి వెళ్లేదాన్ని. ఆయన వాకిట్లో ఉంటే తలూపేవాడు. నేనూ తలూపేదాన్ని. పాప ఆయన్ని అంకుల్ అనేది, పరుగెత్తుకెళ్లి జేబులో చూయింగ్ గమ్ వెతికేది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. మరుసటి ఏడు పర్మిట్ రాలేదు. ఆ సంగతి తెలిసిన వారం ఒక సాయంత్రం ఆయనే నన్ను ఆపాడు.

"వచ్చే ఏడు వస్తే వస్తుంది. ఈలోగా నువ్వు సరిగ్గా పరీక్షించింది ఏదన్నా ఉంటే చెప్పు, కొంటాను."

ఎనిమిది నెలల క్రితం తన రైఫిల్ మీంచి నా మాట మీద స్కోప్ విప్పేసిన మనిషి మళ్లీ నన్నే అడుగుతున్నాడు. మర్నాడు సొరుగులోంచి ఆ స్కోప్ తీసుకెళ్లాను. పెట్టెలో పెట్టలేదు. ఊరికే చేతికిచ్చాను.

"ఇది తొంభై దెబ్బలకి ఆగింది" అన్నాను.

ఆయన దాన్ని వెలుతురుకి తిప్పాడు. గొట్టం మీద తెల్లగీత ఉంది. బొటనవేలితో దాన్ని రెండుసార్లు తడిమాడు. గుమ్మంలో ఆవిడ నిలబడి మా ఇద్దర్నీ చూస్తోంది.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు కొలరాడో నుంచి వచ్చాక, ఆ సోమవారమే."

ఆయన స్కోప్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, నేను చేసినట్టే. తర్వాత గుమ్మం వైపు చూసి, "తాళంచెవి ఇవ్వు" అన్నాడు. ఆవిడ మెడలోంచి గొలుసు తీసి ఇచ్చింది.

రైఫిల్ తెచ్చి గ్యారేజీలో బల్ల మీద పెట్టుకున్నాడు. పాప అప్పటికే నా భుజం మీద నిద్రపోయింది, రైఫిల్ తన్నిన భుజం మీదే. ఇంటికెళ్లి అన్నం వండాలి, బట్టలు మడతపెట్టాలి. వెళతానందామనుకుంటుండగా ఆయన నా వైపు చూడకుండానే చెయ్యి చాచి, స్కోప్ బిగించే నాలుగు చిన్న మరలు నా అరచేతిలో పోశాడు.

"పడెయ్యకు" అన్నాడు. "ఒక్కోటీ అడిగినప్పుడు ఇవ్వు."